మూత మీద పసుపు బొట్టు

దసరా మర్నాడు పొద్దున పర్వేజ్ షెడ్డు తలుపులు తోసేసరికి విమానం పెళ్లికి ముస్తాబైనట్టుంది. ముక్కుకు బంతిపూల దండ. ప్రొపెల్లరుకు ఎర్రదారంతో కట్టిన నిమ్మకాయ. చక్రాల కింద చితికిన నిమ్మచెక్కలు. తెల్లటి రెక్కల పొడుగునా కుంకుమ అద్దిన వేలిముద్రలు.

ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానం అది. ఇటిక్యాల దగ్గర సొంత భూమిలో రన్‌వే పోయించి మరీ లక్ష్మణ్ సేటు ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఆయన పత్తి విత్తనాల ఆర్గనైజరు. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడి విత్తనం పండించి ఇప్పించే మనిషి. పరీక్షలో విత్తనాన్ని ఆయన పాస్ అంటే రైతు బతికినట్టు, ఫెయిల్ అంటే ఆ ఏటి పంట గంగలో కలిసినట్టు. గద్వాల నుంచి అలంపూర్ దాకా ఆయనకు దండం పెట్టని చెయ్యి లేదు. ఆయన జీపు మలుపు తిరిగాక తిట్టని నోరూ లేదు.

విమానం ఎగిరేముందు పైలట్ దాని చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ తడిమి చూసుకోవాలి. పర్వేజ్ చక్రాలు చూశాడు, ఆయిలు చూశాడు, రెక్కల చివర్లు ఊపి చూశాడు. ఇక మిగిలింది రెండు రెక్కల మీదా ఉన్న పెట్రోలు మూతలు. వాటిని తిప్పి, తీసి, లోపల చూడటం పద్ధతి.

ఎడమ రెక్క దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. మూత మొత్తాన్నీ కప్పేస్తూ అప్పచ్చిలా ఒత్తిన పసుపు ముద్ద. దాని నడుమ కుంకుమ బొట్టు. కుడి రెక్క మీదా అంతే.

"ముట్టకు బిడ్డా, పొద్దుగాల్నే ఆరింది," అంటూ నాగేంద్రమ్మ వెనకనుంచి వచ్చింది. లక్ష్మణ్ సేటు తల్లి. డెబ్భై ఏళ్ల మనిషి, చేతిలో ప్రసాదం గిన్నె. "పోయినేడు అద్దానికి పెడితె నీకు తొవ్వ కనవడలే, తుడుస్తివి, వాడు నిన్ను కొట్టె. నా పానం మస్తు పరేషానైంది. అందుకే ఈసారి అద్దం జోలికి పోలే. ఎవ్వరికి అడ్డం రాకుండ మూతలకు పెట్టిన. గాలికి రాలకుండ బియ్యప్పిండి గూడ కలిపిన సూడు."

పర్వేజ్ చెయ్యి తెలియకుండానే చెంప మీదికి పోయింది. పోయిన దసరాకు ముందద్దం మీద అడ్డంగా రాసిన కుంకుమను గుడ్డతో తుడిచినందుకు, పదిమంది కూలీల ముందు లక్ష్మణ్ సేటు కొట్టిన దెబ్బ అది. 'మా అమ్మ పెట్టిన బొట్టు తుడిశెతందుకు నీకు చెయ్యెట్ల వచ్చెరా తురకోడా!' ఆ మాటకు నవ్విన ముఖాలు ఒక్కొక్కటీ అతనికి ఇప్పటికీ గుర్తే.

"మంచిగ పెట్టినవమ్మా," అన్నాడు. మూతలు తిప్పలేదు. తిప్పితే ముద్ద పగులుతుంది. లోపల మీటరు రెండు ట్యాంకులూ నిండుగానే చూపిస్తోంది. అయినా ఈ పొద్దు అతని మనసు మూతల మీద లేదు.

నాగేంద్రమ్మ దండ విప్పి, నిమ్మకాయ తెంపి, ఇంత పులిహోర అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఫోను మోగింది. తండ్రి బాబు మియా. గద్వాల ఖబ్రస్తాన్‌లో గోరీలు తవ్వే మనిషి.

"బేటా, జుమ్మా నమాజుకు వస్తవా?"

"చూస్త అబ్బా. సేటును జర తిప్పి తేవాలె."

"వస్తె ఊదుబత్తులు పట్కరా. లావారిస్ కాడ పోయిన జుమ్మాకే అయిపోయినయి."

లావారిస్ అంటే దిక్కులేని శవం. రెండేళ్ల కిందట తుంగభద్రలో కొట్టుకొచ్చిందని, పంచనామా అయిపోయిందని, సున్తీ ఉంది కాబట్టి మీవాడేనని ఎవరో టార్పాలిన్ కవర్లో చుట్టి తెచ్చి ఇచ్చారు. ముఖం చేపలు తినేశాయి, విప్పొద్దన్నారు. బాబు మియా విప్పలేదు. పైనుంచే నీళ్లు పోసి, కఫన్ గుడ్డ కప్పి, తన భార్య షంషాద్ గోరీ పక్కన, తన కోసం దాచుకున్న జాగాలోనే తవ్వాడు. పర్వేజ్ కాళ్లవైపు పట్టి దించాడు. మూడు పిడికిళ్ల మట్టి వేశాడు. అప్పటికి తమ్ముడు బిలాల్ కనిపించక వారం.

'మన బిలాల్ ఏడున్నా ఎవరో ఒకరు బుక్కెడన్నం పెడ్తుంటరు బేటా. మనం ఈ బిడ్డకు ఇంత మట్టి పెడ్తె ఏంబోయె,' అన్నాడు ఆ రోజు ముసలాయన. అప్పటినుంచీ ప్రతి శుక్రవారం జుమ్మాకు ఆ పేరులేని గోరీ మీద ఊదుబత్తి వెలిగించడం, ఆ తర్వాత బస్టాండుకు పోయి రాయచూర్ నుంచి వచ్చే బస్సుల్లో దిగేవాళ్ల ముఖాలు చూడటం ఆయనకు అలవాటైంది.

ఎందుకంటే బిలాల్ రాయచూర్ పారిపోయాడని చెప్పింది లక్ష్మణ్ సేటు. బిలాల్ ఆయన దగ్గర డీసీఎం వ్యాను నడిపేవాడు. మిల్లులో నూనెకు పోవాల్సిన మామూలు పత్తి గింజకు రంగు పూసి, సంచుల్లో నింపి, విత్తనమని రైతులకు అంటగట్టడం కళ్లారా చూశాడు. అన్నకు ఫోన్ చేసి, 'ఒక ముచ్చట జెప్పాలె, ఫోన్ల వద్దు,' అన్నాడు. మర్నాటినుంచి లేడు. లోడుతో సహా ఉడాయించాడని సేటు కేసు పెట్టాడు. దొంగ కొడుకును కన్నావని బాబు మియాను మసీదు మెట్ల మీదే జనం మాటలన్నారు.

హైదరాబాదులో విమానం నడపడం నేర్పే ఉద్యోగం మానేసి పర్వేజ్ వచ్చింది అందుకే. సేటు విమానం కొన్నాడని విని తనే వెళ్లి పని అడిగాడు. సేటు పగలబడి నవ్వి ఇచ్చాడు. దొంగకు అన్న అయినవాడు కళ్లెదుట ఉండటం ఆయనకూ మంచిదే.

తమ్ముడు ఉన్నాడా, లేడా? లేకపోతే ఎక్కడ? తండ్రి బస్టాండు తిరుగుడు ఆగాలంటే ఈ ఒక్క ముక్క తెలియాలి. అడగాల్సినవాళ్లందరినీ అడిగాడు పర్వేజ్. మిగిలింది ఒక్కడే. ఆ ఒక్కణ్ణి అడగాల్సిన చోటు నేల మీద లేదు.

*

"ఏంరా పైలటూ, మీ అయ్యకు గిరాకీ ఎట్లుంది? ఈ నెల ఎన్ని పీనుగులు?" లక్ష్మణ్ సేటు పక్క సీట్లో కూలబడి బెల్టు బిగించుకుంటూ అడిగాడు. నిన్నటి మేకపోతు, నిన్నటి మందు ఇంకా కళ్లలోనే ఉన్నాయి.

"తక్కువనే సేటూ."

"చలికాలం రానీ. ముసలోళ్లు టపటప రాల్తరు."

విమానం లేచింది. ఎండ తెల్లగా కాస్తోంది. కింద పత్తి చేలు దువ్విన తలల్లా చాళ్లు చాళ్లుగా సాగి, దూరాన తుంగభద్ర దగ్గర ఆగాయి. పైన గాజు కప్పు, రెండు పక్కలా తెల్లటి రెక్కలు, రెక్కకొకటి చొప్పున పచ్చగా మెరిసే బొట్టు. సేటు బైనాక్యులర్స్ పెట్టుకుని చేలను వెతకడం మొదలుపెట్టాడు. ఆయన విమాన విహారం ఇందుకే. ఎవడు చెప్పిన మాట వినలేదో పైనుంచి తెలిసిపోతుంది.

"అగో, గోవిందు చేను. పుప్పొడికి ఏసిన మగ చాళ్లు పీకెయ్యమని జెప్పి పది దినాలాయె. ఇంక నిలవెట్టిండు. వీన్ది ఫెయిలే. పెండ్లాం పుస్తె అమ్మి కట్టుకోని నాకు."

"ఆయన పెండ్లాం దవాఖానల ఉన్నది సేటూ. చాళ్లు పీకెతందుకు తీరలేదంట."

"అయితె పుస్తె అమ్ముడు అల్కగైతది," అని నవ్వాడు సేటు. ఆ నవ్వులోనే అలవాటైన మాట తీశాడు. "మీ తమ్మునికి పుస్తె గట్టెతందుకు పిల్ల దొరికిందో లేదో రాయచూర్ల. ఏమన్న కబురుందా? మనింటి దొంగ గద, యాదికొస్తుంటడు."

విమానం రాజోలి దాటింది. చుట్టూ ఏ విమానమూ లేదు. ఎత్తు చూపే మీటరు మూడున్నర వేల అడుగుల మీద నిలబడింది. మూడు నెలలుగా పర్వేజ్ మనసులో తిప్పి చూసుకున్న చోటు, ఎత్తు, సమయం అన్నీ ఒక్క దగ్గరికి వచ్చాయి.

అతను చేతిని కిందికి పోనిచ్చి, రెండు సీట్ల మధ్య ఉన్న ఎర్రటి పెట్రోలు వాల్వును అడ్డంగా తిప్పాడు.

ఇంజన్ రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది. ప్రొపెల్లరు ఒక్క కుదుపుతో ముక్కు మీద కర్రలా అడ్డంగా నిలిచింది. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

"ఏమైందిరా?"

"ఇంజన్ బంద్ జేసిన."

"ఆఁ?"

"నేనే బంద్ జేసిన సేటూ. చాలు జేసేది గూడ నేనే. నా తమ్ముడు ఏడున్నడు?"

సేటుకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. తర్వాత తిట్టాడు. అమ్మనూ, అక్కనూ, మతాన్నీ కలిపి తిట్టాడు. ఫోన్ తీశాడు, ఎవరికి చెయ్యాలో తోచక జేబులో పెట్టాడు. కిందికి చూశాడు. చూసిన తర్వాత గొంతు మారింది.

"జర ఆగు తమ్మీ. కూసోని మాట్లాడుదాం. దించు ముందుగాల."

"కూసోనే ఉన్నం గద సేటూ. ఇంకో ముచ్చట జెప్తున్న ఇను. అబద్ధం జెప్పెతందుకు గూడ నీకు టైం లేదు."

మీటరు ముల్లు మూడు వేలు దాటి కిందికి వస్తోంది. రెండు వేల దగ్గర వాల్వు తెరవాలని పర్వేజ్ ముందే గట్టిగా అనుకున్నాడు. చెప్పినా తెరవాలి, చెప్పకపోయినా తెరవాలి. వాణ్ణి చంపడానికి కాదు, చెప్పించడానికి. పైగా తనకూ ఇంటి దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు.

"చచ్చిండ్రా!" సేటు అరిచాడు. "చచ్చిపోయిండు! నేనేం జెయ్యలే. విత్తనాల ఫ్యాక్టరీల యాసిడ్ తొట్టిల పడ్డడు. కాలు జారి పడ్డడు. నా మీదికొస్తదని భయపడి చెప్పలే. గంతే!"

పత్తి గింజకు అంటుకున్న నూగు వదలడానికి విత్తనాల ఫ్యాక్టరీలో యాసిడ్ వాడతారు. గింజ మీద నూగు ఎలా పోతుందో పర్వేజ్ చూశాడు.  తమ్ముడు లేడని రెండేళ్లుగా లోపల తెలిసిన సంగతే. అయినా చెవిన పడే దాకా తెలియనట్టే ఉండింది.

"పీనుగ ఏడ?"

"పూడ్చిపిచ్చిన. మంచిగనే పూడ్చిపిచ్చిన. దేవుని తోడు!"

ముల్లు రెండు వేలను తాకింది. చోటు తర్వాతైనా చెప్పిస్తాడు. పర్వేజ్ వాల్వు తెరిచి, మీట నొక్కాడు. ప్రొపెల్లరు గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది.

మళ్లీ నొక్కాడు. అంతే.

కుడి ట్యాంకుకు మార్చాడు. పంపు వేశాడు. మీట నొక్కాడు. తిరిగింది, ఆగింది. లోపలికి చుక్క పెట్రోలు అందుతున్న జాడ లేదు. మీటరు మాత్రం రెండు ట్యాంకులూ దాదాపు నిండుగానే ఉన్నాయంటోంది.



"చెప్పిన గదరా! ఇంక చాలు జెయ్యవేంది?"

"అయితలేదు సేటూ."

"నాటకాలాడకు!"

"నిజంగనే అయితలేదు. జర నోరు మూసుకో. దిగెతందుకు జాగ సూడాలె."

సేటు ఆ మాటను ఇంకోలా విన్నాడు. ఆయన జీవితంలో ఎవ్వరూ ఊరికే 'అయితలేదు' అనలేదు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా దాని అర్థం ఇంకా కావాలని. రైతు ఇంకా వంగాలని, ఇంకా ఏడవాలని. ఇప్పుడు ఈ తురక పైలట్ అదే విద్య తన మీద చూపిస్తున్నాడని అనుకున్నాడు. చెప్పింది సరిపోలేదు. ఇంకా చెప్పాలి.

"జారలేరా. జారి పడలే. నేనే తోసిన. మాట మీద మాట వెరిగింది, తోసిన. సరేనా? ఇప్పుడు చాలు జెయ్యి!"

పర్వేజ్ మళ్లీ మీట నొక్కాడు. ప్రొపెల్లరు తిరిగింది, ఆగింది.

"నోరు ముయ్యమన్న గద!"

"ఎంటనే సావలే వాడు," సేటు చేతులు జోడించాడు. మాటలు ఆగకుండా తోసుకొస్తున్నాయి. "తెల్లారెదాక ఉన్నడు. దవాఖానకు తీస్కపోదామని అప్పటి వాచ్‌మన్ సాయన్న అన్నడు. నేనే వద్దన్న. బతికితె నోరిప్పుతడని వద్దన్న. అన్నా, అన్నా అని నిన్నే పిలిశిండు. ఇంకేం గావాలె? అంత జెప్పిన! ఇంకేం దాయలే!"

సీటు బెల్టు పీకేసి సేటు రెండు చేతులతో ఎర్రటి వాల్వు మీద పడ్డాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పర్వేజ్ మోచేత్తో ఆయన రొమ్ము మీద పొడిచి వెనక్కి నెట్టి, వాల్వును మళ్లీ సరిచేశాడు. ఆ కుమ్ములాటలో తల ఎడమవైపు తిరిగింది. అప్పుడు కనిపించింది.

ఎడమ రెక్క మీద పసుపు ముద్ద. ఇంత గాలికీ ఇసుమంత చెదరలేదు.

నూనె డబ్బాకు ఒక్క బెజ్జమే పెడితే నూనె కాస్త కారి ఆగిపోతుంది. గాలి లోపలికి పోవడానికి ఇంకో బెజ్జం ఉండాలి. విమానం ట్యాంకుకు ఆ రెండో బెజ్జం మూతలోనే ఉంటుంది, సూది మొనంత. నాగేంద్రమ్మ దాని మీద పసుపు, బియ్యప్పిండి కలిపి, వేలితో ఒత్తి, ఆరబెట్టింది. లేచినప్పటినుంచీ ట్యాంకు ఊపిరాడక పెట్రోలును లోపలికే బిగబట్టుకుంటూ వచ్చింది. తను వాల్వు తిప్పకపోయినా ఇంకాసేపట్లో ఇంజన్ ఆగేదే.

చెంప మీద దెబ్బ పడకపోతే బొట్టు అద్దం మీదే ఉండేది. ఎక్కేముందు తుడిచేసేవాడు. పర్వేజ్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వు సేటు కంటపడింది.

"ఇంక ఒక్కటే ఉన్నది! ఒక్కటే! జెప్త!" అని ఏడ్చాడు. "ఏడ పూడ్చిన్నో జెప్పలేదని గద! మీ ఖబ్రస్తాన్లనే! మీ అయ్యతోనే! సాయన్నతోని పంపిచ్చిన, ఏట్ల దొరికిందని జెప్పమన్న. ముఖం లేదు గద, ఎవలు గుర్తువడ్తరు? ఖబ్రస్తాన్ల పీనుగను ఎవడు ఎతుకుతడు? వాని మతం ప్రకారమే పోయిండు పర్వేజూ, కన్నతండ్రి చేతులతోనే పోయిండు! గంతకన్న ఎవడు జేస్తడు చెప్పు! చాలు జెయ్యి, నీ కాల్మొక్త!"

పర్వేజ్ స్టిక్కు పట్టుకునే ఉన్నాడు. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. గాలివాలు చూసుకున్నాయి. కరెంటు తీగలు తప్పించాయి. ఏటి ఒడ్డున వేరుశనగ పీకేసిన నల్లరేగడి చేను ఒకటి పట్టుకున్నాయి. అతను మాత్రం రెండేళ్ల వెనక, గద్వాలలో, ఒక గుంత అంచున నిలబడి ఉన్నాడు. కాళ్లవైపు తనే పట్టాడు. 'ఎంత అల్కగున్నడు అబ్బా,' అన్నాడు కూడా. మూడు పిడికిళ్ల మట్టి. మూడో పిడికిట్లో చిన్న రాయి ఉంటే దాన్ని ఏరి పారేసి మరీ వేశాడు, ఎవరి బిడ్డో అని.

చేను దగ్గరపడుతోంది. నిన్నగాక మొన్న కురిసిన వానకు మన్ను మెత్తగా ఉంది. ముందు చక్రం దిగబడుతుంది. దిగబడితే విమానం తలకిందులవుతుంది. బెల్టు ఉన్నవాడు సీటుకు వేలాడతాడు. లేనివాడు గాజు కప్పులోంచి పోతాడు.

సేటు బెల్టు రెండు ముక్కలుగా ఆయన తొడల పక్కన పడి ఉంది. ఆయనకు ఆ ధ్యాస లేదు. చేతులు జోడించే ఉన్నాడు.

'బెల్టు పెట్టుకో' అనడానికి ఎంతసేపు? అప్పటికి ఇంకా సమయం ఉంది. పర్వేజ్ ఆ బెల్టును చూశాడు. చేనును చూశాడు. మళ్లీ బెల్టును చూశాడు.

"ఇంకేమన్న ఉన్నదా సేటూ చెప్పెతందుకు?" అని అడిగాడు.

"లేదు! అమ్మతోడు, ఇంకేం లేదు!"

"అయితె గట్టిగ కూసో. దిగుతున్నం."

*

పక్క చేనులో పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగు చేస్తున్న కూలీలు ముందు చేరుకున్నారు. అందరికన్నా ముందొచ్చింది ఎస్తేరు. తలకిందులైన విమానంలో బెల్టుకు వేలాడుతున్న మనిషిని చూసి, పత్తి పూల బుట్ట కిందపడేసి, కొడవలితో బెల్టు కోసింది.

"ఇంకొకాయన యాడ అన్నా?"

పర్వేజ్ నోట్లో రక్తం. చేత్తో ముందుకు చూపించాడు. లక్ష్మణ్ సేటు పదిగజాల అవతల బోర్లా పడి ఉన్నాడు. మెడ చూస్తే దగ్గరికి పోవాల్సిన పని లేదని ఎవరికైనా తెలుస్తుంది. కూలీల్లో ఒకడు వంగి, ముఖం తిప్పి చూసి నిటారుగా లేచాడు.

"మన సేటే!"

 వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఫెయిలా, పాసా?"

ఎస్తేరు తిరిగి కసిరింది. కానీ పది ముఖాల్లో ఒక్కటీ కిందికి వంగలేదు.

*

విమాన ప్రమాదాలను విచారించే అధికారులు వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు, మూతలు ఊడదీసి పట్టుకుపోయారు. మూతలు విప్పినప్పుడు ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుందని అక్కడున్న జనం ఊరంతా చెప్పారు. గద్వాల దవాఖానలో మంచం దగ్గరికొచ్చి పర్వేజ్‌ను అడిగారు. ఇంజన్ ఆగిందన్నాడు. ఎంత చేసినా మళ్లీ అందుకోలేదన్నాడు. సేటు భయపడి బెల్టు తీసేశాడన్నాడు. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. విరిగిన కాలుతో, పగిలిన పక్కటెముకలతో ఉన్న పైలట్‌ను వాళ్లు ఎక్కువసేపు కష్టపెట్టలేదు. చేను కంటపడగానే సరిగ్గా దించే ప్రయత్నం చేశాడని మెచ్చుకుని పోయారు కూడా. పేపర్లవాళ్లు మాత్రం ఆగలేదు. 'తల్లి పెట్టిన బొట్టే తనయుడి ప్రాణం తీసింది' అని పెద్దక్షరాలతో వేశారు.

పదకొండో రోజు దాటాక ఒక సాయంత్రం నాగేంద్రమ్మ వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద బాబు మియా బత్తాయి వలుస్తున్నాడు. ఆమెను చూసి లేచి స్టూలు ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. పేపరు ముక్క పైట కొంగులో ముడేసుకుని తెచ్చింది. సంతకం తప్ప చదువు రాని మనిషి.

"పర్వేజూ, నిజం జెప్పు బిడ్డా. అందరు నాకు అడ్డం తిప్పి జెప్తుండ్రు. నేను పెట్టిన బొట్టేనా?"

ఒక్క మాటతో ఆమె బరువు సగం దించొచ్చు. బెల్టు సంగతి చెప్పొచ్చు. వాల్వు సంగతి చెప్పొచ్చు. ఆమె తనకు ఎప్పుడూ చెడు చేయలేదు. తన చెంప మీద పడ్డ దెబ్బకు బాధపడ్డ ఒకే ఒక్క మనిషి.

"అవునమ్మా," అన్నాడు పర్వేజ్. "మూతలు మూసుకపోయినయి. పెట్రోలు అందలే."

 ఆమె చూపుడువేలు పైటకు రుద్దుకుంటూ నిలబడింది, పసుపు ఇంకా అంటుకునే ఉన్నట్టు.

"ఆఖర్ల నన్నేమన్న యాది జేసిండా?"

"అమ్మతోడు అన్నడమ్మా. ఆఖరి దాక మాట్లాడుతనే ఉన్నడు."

ఆమె మెల్లగా నేల మీదికి జారింది. బాబు మియా కంగారుగా పక్కన చతికిలబడ్డాడు. గోరీలు తవ్వి కాయలు కాచిన చేతులతో ఆమెకు నీళ్లు అందించాడు.

"అట్ల జేస్కోకమ్మా. బిడ్డ మంచికే గద పెట్టినవు. తెల్వక జేసిన చేతికి పాపమంటదా? నా చేతులతోని నా బిడ్డకు గిట్ల జేస్తున్న అని ఎర్కుంటె ఏ తల్లన్న జేస్తదా, ఏ తండ్రన్న జేస్తడా? అల్లా అంత కండ్లు లేనోడు కాదమ్మా."

పర్వేజ్ గోడవైపు తిరుగుదామనుకున్నాడు. కాలికి కట్టిన బరువు తిరగనివ్వలేదు. కళ్లు మూసుకున్నాడు.

ఎవరో వచ్చి ఆమెను నడిపించుకుపోయారు. బాబు మియా చాలాసేపు తలుపువైపే చూశాడు.

"ఎట్ల బతుకుతదో బేటా ఆ తల్లి. పగోనికి గూడ వద్దు గసొంటిది." బత్తాయి తొన ఒకటి కొడుకు నోటికి అందించాడు. తర్వాత, పదకొండు రోజులుగా నాలుక చివర పెట్టుకున్న మాటను బయటికి తీశాడు. "సేటు... గంత సేపు మాట్లాడిండు అంటివి. మన బిలాల్ ముచ్చట ఏమన్న తీసిండా?"

ఇందుకే కదా ఉద్యోగం మానింది. ఇందుకే కదా చెంపదెబ్బ తిన్నది, వాల్వు తిప్పింది. రెండేళ్లుగా వెతికిన జవాబు నోటి నిండా ఉంది. తండ్రి ముఖం చూశాడు. మట్టి ఇరుక్కున్న ఆ గోళ్లు చూశాడు.

తొన మింగాడు.

"లేదబ్బా. ఏం తియ్యలే."

ముసలాయన ముఖం ఒక్కసారి విప్పారింది. పర్వేజ్ ఆ వెలుగు చూసి రెండేళ్లయింది.

"సూస్తివా! సావు ముంగట వెట్టుకోని ఎవడన్న దాస్తడా? ఏం అనలే అంటె ఏం జెయ్యనట్టే. నేనే ఉత్తగ అనుమానపడ్డ. వాడు ఏడనో ఉన్నడు బేటా. సిగ్గువడి వస్తలేడు. వస్తడు."

చేతులు తుడుచుకుని సంచి తీసుకున్నాడు. వెళ్లబోతూ ఏదో గుర్తొచ్చి ఆగాడు.

"వానకు లావారిస్ గోరీ కుంగింది. నువ్వు లేశినంక ఇద్దరం పోయి రెండు తట్టల మట్టి పోసొద్దాం. ఆ పిలగానికి మనం దప్ప ఎవలున్నరు?"

"పోదాం అబ్బా."

దవాఖాన ఎదురుగానే బస్టాండు. కిటికీ అవతల రాయచూర్ బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. బాబు మియా గబగబా కిటికీ దగ్గరికి పోయి, చువ్వలు పట్టుకుని, దిగేవాళ్లను ఒక్కొక్కరినే చూడటం మొదలుపెట్టాడు.